దానమిచ్చే ఎద్దుకు పళ్లు చూడాల్సింది ఎవరు?



ఎప్పటి మాదిరే ఇది పొడుగు రాత. తీరిక చూసుకొని చదవండి, కానీ కడదాకా చదవండి. ఎప్పుడూ మేము బస్సులు రాలేదనో, రోడ్డు గుంతలు పూడ్చలేదనో ఎవరో ఒకరిని తిడుతూ రాస్తాము. ఈ తూరి ముందుగా మమ్మల్ని మేమే తిట్టుకోవాలి. మిగతావాళ్ల వంతు ఆమీద వస్తుంది.

పోయిన ఏడు, 2025 ఉగాదికి, మన సంఘం తరపున 14 సైకిళ్లు ఇస్తిమి. ఫొటోలు చూసింటారు. వరుసగా నిలబెట్టి, హ్యాండిళ్లకు చామంతి మాలలు కట్టి, పసుపు కుంకుమ పెట్టి ఇస్తిమి. ఆ ఫొటోల కింద మీరందరూ దండాల బొమ్మలు, పూల బొమ్మలు శానా పెట్టినారు. మాకూ ఛాతీ ఉబ్బింది.

ఆ సైకిళ్లు కొత్తవి కావు. తమిళనాడు సర్కారు ప్లస్ వన్ పిల్లలకు ఊరికే ఇచ్చే సైకిళ్లు ఉన్నాయి కదా. 2001-02లో ఎస్సీ, ఎస్టీ ఆడపిల్లలతో మొదలైన ఆ పథకం 2005-06లో మగపిల్లలకూ వచ్చింది. పిల్లలు కాలేజీకి పోయినాక, పెళ్లి అయినాక ఆ సైకిళ్లు ఇళ్ల వెనక వానకు తడిసి తుప్పు పడుతూ ఉంటాయి. వాటిని అడిగి తెచ్చి, రంగు వేయించి, అరిగిన సామాను మార్పించి, పనికి పోయేదానికి బండి లేనివాళ్లకు ఇద్దామని మన కమిటీ తీర్మానం చేసింది. ఆలోచన మంచిదే. ఇప్పుడూ అదే అంటాము.

సామాను కొనేదానికి నలుగురిని పెట్టినారు. నలుగురమూ రిటైరయినవాళ్లమే. అందులో బిల్లులు చూసి సంతకం పెట్టింది ఈ రాత రాస్తున్న రైల్వే గుమాస్తా చెయ్యే. కాబట్టి ఇంగొకరి మీద తోసే దారి మాకు లేదు.

ఆ 14 సైకిళ్లలో ఒకటి బాగలూరు రోడ్డు పక్కన పల్లెలో ఉండే ఒక పిల్లవానికి పోయింది. పిల్లవాడు అంటే మాకు పిల్లవాడు, వానికి ముప్పై దాటింది, ఇద్దరు బిడ్డలు. సిప్‌కాట్‌లో ఒక పనితావులో కాంట్రాక్టు కూలి. ఇంటి నుంచి 9 కిలోమీటర్లు. రెండో షిఫ్టు వదిలేటప్పటికి వాని పల్లెకు బస్సు ఉండదు. అందుకే సైకిలు.

రెండో నెలలో వాని పెడలు టక టక కొట్టింది. నాలుగో నెలలో మిట్ట ఎక్కుతా ఉంటే పెడలు ఉత్తగా తిరిగి, పైకమ్మీ మీద పడినాడు. ఏడో నెలలో, ఐప్పసి వానల్లో, రాత్రి పదకొండు గంటలకు పల్లంలో బ్రేకు పట్టినాడు. బ్రేకు రబ్బరు దాని రేకు గూటిలో నుంచి జారి బయటికి వచ్చేసింది. ముందు కల్వర్టు గోడ. భుజం ఎముక విరిగింది. 42 దినాలు పని లేదు.

మాకు ఎప్పుడు తెలిసింది? మూడు వారాలైనాక, అదీ వాని మేనత్త గుడి దగ్గర కనబడి చెబితే. ఇంటికి పోతిమి.

“ఏమప్పా, ఇన్ని తూర్లు చెడిపోతే మాకు ఒక్క ఫోను చెయ్యరాదా?” అని అడిగితిమి.

వాడు సిగ్గుపడినాడు. “మామా, మీరు ఊరికే ఇచ్చింది. దాన్ని బాగలేదని ఎట్ల చెప్పేది?” అన్నాడు.

ఆ మాటకు మా నలుగురికీ నోట మాట రాలేదు.

మేము తమిళ బడిలో చదివినవాళ్లము. ఆ బడిలో ఒక సామెత నేర్చుకున్నాము. దానంగా వచ్చిన ఎద్దుకు పల్లు పట్టి చూడరాదు అని. మన పెద్దోళ్లూ ఇట్లనే అంటారు. ఎద్దు వయసు దాని పళ్లలో తెలుస్తుంది, కొనేవాడు నోరు తెరిచి చూస్తాడు, ఊరికే తీసుకునేవాడు చూస్తే మర్యాద కాదు. సరే. తీసుకునేవాడు చూడరాదు. మరి ఎవరు చూడాలి? ఇచ్చేవాడు చూడాలి. ఆ సగం సామెత ఎవరూ మాకు నేర్పలేదు. మాకై మేమూ ఆలోచించలేదు.

ఆ వారమే మేము తక్కిన 13 సైకిళ్లనూ వెతుక్కుంటూ పోతిమి. 9 హొసూరు వైపు, 5 కృష్ణగిరి, కావేరిపట్టణం వైపు ఇచ్చింటిమి. రెండు మూలలో పడి ఉన్నాయి, ఎక్కేవాళ్లే లేరు. పదకొండింటికి చైను సాగిపోయింది. తొమ్మిదింటికి పెడలు కొట్టుకుంటా ఉంది. కావేరిపట్టణం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోయే ఒక అక్క ఏమన్నదంటే, “మిట్టకు తొక్కుతాను అన్నా, పల్లం వస్తే దిగి తోసుకొని పోతాను. బ్రేకు మీద నమ్మకం లేదు” అని. ఎవరైనా మిట్టకు దిగి తోస్తారు. మేమిచ్చిన సైకిలును పల్లానికి దిగి తోస్తా ఉన్నారు! 14 మందిలో ఒక్కరు కూడా మాకు ఫిర్యాదు చెప్పలేదు. అందరి మర్యాదా ఒకటే.

ఇంగ లెక్కకు వద్దాము. గుమాస్తా లెక్క చూపకుండా ఉండలేడు.

ఒక్కో సైకిలుకు మేము కొన్నవి ఇవి. చైను 90 రూపాయలు, ఫ్రీవీలు 95, బ్రేకు రబ్బర్లు నాలుగు 32, కాటరు పిన్నులు రెండు 16, పెడలు ఇరుసు కప్పులతో సహా 85. మొత్తం 318. అదే అంగడిలో, అదే గల్లాపెట్టె పక్కన, పేరున్న సామాను ఉండింది. చైను 190, ఫ్రీవీలు 185, రబ్బర్లు 80, పిన్నులు 40, ఇరుసు 160. మొత్తం 655. తేడా 337 రూపాయలు. పద్నాలుగు సైకిళ్లకు 4,718 రూపాయలు మిగిలిస్తిమి. మీటింగులో ఆ మాట చెబితే చప్పట్లు కూడా కొట్టినారు.

ఆ పిల్లవాని కూలి దినానికి 480. 42 దినాలకు 20,160 రూపాయలు. ఆసుపత్రి ఖర్చు వేరే. అంటే మేము 14 సైకిళ్ల మీద మిగిల్చిన దుడ్డుకు నాలుగింతల కన్నా ఎక్కువ ఒక్క కూలివాడు తన భుజంతో కట్టినాడు. మేము మిగిల్చినది మన సంఘం దుడ్డు కాదు. వాని దుడ్డు.

“ఒక రబ్బరు ముక్కకు ఇంత రాద్ధాంతమా” అనేవాళ్లు ఉంటారు. అందుకే ఈ నాసి సామాను ఎట్ల చెడిపోతుందో, చెడిపోతూ పక్కదాన్ని ఎట్ల చెరుపుతుందో చెప్పాలి.

కాటరు పిన్ను అనేది పెడలు కొయ్యను ఇరుసుకు బిగించే చిన్న చీల. ఒక పక్క చదునుగా ఉంటుంది. మనిషి బరువంతా ఆ చదును మీదే పడుతుంది. ఇనుము మెత్తనిదైతే ఆ చదును నలుగుతుంది, పెడలు ఆడుతుంది, టక టక అంటుంది. సుత్తి తీసుకొని ఇంగా లోపలికి కొడతారు. అది ఇంగా నలుగుతుంది. కొన్నాళ్లకు పెడలు కొయ్యలోని గుండ్రని రంధ్రం కోడిగుడ్డు మాదిరి అవుతుంది. ఇంగ ఎంత మంచి పిన్ను పెట్టినా నిలవదు. 8 రూపాయల పిన్ను పెడలు కొయ్యను, ఇరుసును మింగింది.

ఫ్రీవీలు లోపల రెండు చిన్న నాలుకలు, వెంట్రుక మాదిరి సన్నని స్ప్రింగు ఉంటాయి. ముందుకు తొక్కితే నాలుక పంటిలో పట్టుకోవాలి, ఆపితే వదలాలి. నాలుక మెత్తనిదైతే అంచు అరిగి, ఎక్కువ బరువు పడినప్పుడు జారుతుంది. ఎక్కువ బరువు ఎప్పుడు పడుతుంది? లేచి నిలబడి మిట్ట తొక్కేటప్పుడు. అంటే అది మోసం చేసేది సరిగ్గా మనిషి నిలబడినప్పుడే.

చైను సంగతి ఎవరైనా ఇంట్లో చూసుకోవచ్చు. చైనులో ఒక చీలకు ఇంగొక చీలకు అర అంగుళం. 24 అరలు కలిస్తే 12 అంగుళాలు. బడిపిల్లల స్కేలు పెట్టి కొలవండి. 12 మీద అంగుళంలో ఎనిమిదో పాలు ఎక్కువ వస్తే ఆ చైను తీసేయాలి. తీయకుంటే సాగిన చైను ముందు పళ్లచక్రాన్ని, వెనక ఫ్రీవీలును రెండింటినీ కొరికేస్తుంది.

బ్రేకు రబ్బరును గోటితో నొక్కండి. గోరు దిగకుంటే అది రబ్బరు కాదు, గట్టి ముద్ద. ఎండలోనే అరకొరగా పట్టేది, తడిసిన ఇనుప రిమ్ము మీద ఏమి పడుతుంది? ఇంగొకటి ముఖ్యం. రబ్బరును పట్టుకునే రేకు గూడుకు ఒక పక్క మూసి, ఒక పక్క తెరిచి ఉంటే, చక్రం తిరిగే దిక్కుకు మూసిన పక్క ఉండాలి. తిప్పి బిగిస్తే బ్రేకు పట్టగానే చక్రమే రబ్బరును బయటికి లాగేస్తుంది. ఆ పిల్లవాని సైకిలుకు గూడు సరిగానే బిగించినారు. కానీ రేకు ఎంత పలచన అంటే, మూసిన అంచే విచ్చుకొని పోయింది. ఆ రేకు మా దగ్గర ఉంది. ఎవరు కావాలన్నా వచ్చి చూడవచ్చు.

ఇప్పుడు మన ఊరి సంగతి. మన హొసూరు ఏ ఊరు? 1980లో టీవీఎస్ 50 బయటికి వచ్చిన ఊరు. అశోక్ లేలాండ్ లారీలు, టైటాన్ గడియారాలు తయారయ్యే ఊరు. ఈ పెద్ద ఫ్యాక్టరీల చుట్టూ చిన్న చిన్న షెడ్లలో నట్లు, పిన్నులు, స్ప్రింగులు చేసి పంపేవాళ్లు ఎందరో. ఒక పిన్ను మిల్లీమీటరులో నూరో పాలు తప్పితే పక్కన పారేస్తారు. ఆ కొలత కొలిచేది ఎవరు? మన పిల్లలే. ఎనిమిది గంటలు గేజి పట్టుకొని ఊరివాళ్ల బండి పిన్నును కొలిచి, మంచిది ఒక పక్క, చెడ్డది ఒక పక్క వేసినవాడు, షిఫ్టు వదిలినాక తన కాటరు పిన్నును ఎవరూ కొలవని సైకిలు ఎక్కి చీకట్లో ఇంటికి పోతున్నాడు. దీనికన్నా సిగ్గుచేటు ఏముంది?

ఈ మాట అనే అర్హత మాకూ లేదు. మేము ముప్పై ఏళ్లకు పైన రైల్వేలో కాగితాలు చూసినవాళ్లము. రైలు పెట్టె చక్రాన్ని పట్టే బ్రేకు దిమ్మె ఎవరు చేసినది అని గుర్తు లేకుండా స్టోర్సులోకి రాదు. లక్నోలో ఉండే ఆర్‌డీఎస్‌ఓ ఒప్పుకున్న కంపెనీల దగ్గర తప్ప కొనరు. ఎందుకు? రేపు పెట్టె పట్టాలు తప్పితే, ఇది ఎవడు చేసినాడు అని అడిగేదానికి ఒక పేరు ఉండాలి. ఇది మాకు కంఠపాఠం. అట్లాంటి మేమే ఉగాది ముందు రోజు అంగడిలో నిలబడి, డబ్బాలో రాశిగా పోసిన పేరు లేని రబ్బర్లను పిడికిలితో ఎత్తి లెక్కపెట్టుకుంటిమి. రైలుకు ఒక న్యాయం, సైకిలుకు ఒక న్యాయం. రైల్లో మేము పోతాము, సైకిలు మీద వాడు పోతాడు. అసలు సంగతి అదే కదా?

మనవాళ్లు కొందరు ఇప్పటికే వాదిస్తున్నారు. జవాబు చెబుతాము.

“పేదవానికి చవకే దిక్కు” అంటారు. కాదు. పేదవానికి రెండు తూర్లు కొనే శక్తి లేదు. దుడ్డున్నవాడు నాసిది కొని, పోతే పోనీ అని ఇంగొకటి కొంటాడు. పేదవాడు అదే కొట్టుకునే పెడలును ఆరు నెలలు తొక్కుతాడు. చవక సరుకు పేదవానికి కాదు చవక, అమ్మేవానికి చవక.

“ఈ కాలంలో సైకిలేమిటి, పాత మోపెడ్ ఇప్పించండి” అంటారు. పెట్రోలు లీటరు నూరు రూపాయలు దాటింది. లైసెన్సు, ఇన్సూరెన్సు వేరే. 2011 జనగణన ప్రకారమే దేశంలో పనికి సైకిలు మీద పోయేవాళ్లు రెండు కోట్లకు పైన. వాళ్లెవరూ సరదాకు తొక్కలేదు.

“అంతా లూధియానా సరుకు, అంతా చైనా సరుకు, అంతే ఉంటుంది” అంటారు. ఈ మాటా తప్పే. దేశంలోని మంచి సైకిలు సామాను కూడా ఎక్కువ లూధియానా నుంచే వస్తుంది. చెన్నై అంబత్తూరులో 1949 నుంచి సైకిలు కంపెనీ ఉంది. మా నాయనల సైకిళ్లు ఒకే చైనుతో ఏళ్లకేళ్లు పోయినాయి. ఊరిది కాదు తప్పు. పేరు లేకపోవడం తప్పు. పేరు వేసుకున్నవానికి రేపు పరువు పోతుందని భయం ఉంటుంది. పేరు లేనివానికి ఏ భయమూ లేదు.

“అంగడివాడు ఏం చేస్తాడు, అడిగింది ఇచ్చినాడు” అంటారు. సగం నిజం. మేము అడిగింది “తక్కువలో ఏముంది?” అనే. కానీ ఆయనకు ముప్పై ఏళ్ల అనుభవం ఉంది. ఏ రబ్బరు వానలో పడుతుందో, ఏది పట్టదో మాకన్నా ఆయనకు తెలుసు. చక్రానికి ఆ రబ్బరు పోతుందని తెలిసీ, “అయ్యా, బ్రేకుకు మాత్రం ఇది వద్దు” అని ఒక్క మాట అననందుకు ఆయన మీద మాకు కోపమే. సీటు కవరు నాసిది అమ్ముకోండి, బెల్లు నాసిది అమ్ముకోండి. మనిషిని నిలబెట్టే సామానులో మాత్రం నోరు మూసుకోవద్దండి.

చట్టం లేదా అంటే ఉంది. ప్యాకెట్టులో అమ్మే సరుకు మీద చేసినవాని పేరు, చిరునామా, ఎక్కువలో ఎక్కువ ధర, నెల, ఏడు అచ్చు వేయాలని 2011 నాటి రూల్సు చెబుతాయి. డబ్బాలో విడిగా పోస్తే ఆ రూలు తగలదు. కాబట్టి విడి సరుకు కొనేవాడు తన చేతులారా చట్టాన్ని వదులుకుంటున్నాడు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నాసి వస్తువు వల్ల దెబ్బ తగిలితే చేసినవానినీ అమ్మినవానినీ పరిహారం అడగవచ్చు. కృష్ణగిరిలో జిల్లా కమిషన్ ఉంది. 1915కు ఫోను చేసి చెప్పుకోవచ్చు. కానీ మేము ఏ ముఖంతో పోయేది? మా దగ్గర ప్యాకెట్టు లేదు, సరైన బిల్లు లేదు. తుండు కాగితం మీద “సైకిలు సామాను” అని రాసి మొత్తం వేసి ఇచ్చినారు. దాని మీదే మా సంతకం. గుమాస్తా సంతకం!

సర్కారునూ ఒక మాట అడగాలి. సైకిలు వెనక వెలుతురుకు మెరిసే బిళ్లకు నాణ్యత ఉండాలని కేంద్రం 2020లో ఉత్తర్వు వేసింది. మంచి పని. వెనక వచ్చే లారీవానికి సైకిలు కనబడాలి, నిజమే. సైకిలువాడు తానే నిలబడాలంటే బ్రేకు రబ్బరు, కాటరు పిన్ను కూడా అంతే ముఖ్యం కదా? అంగడిలో విడిగా అమ్మే వాటికీ ఆ మాదిరి గుర్తు తప్పనిసరి చేయండి. సైకిలు మీద, దాని సామాను మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5కు తగ్గించినారు. ఇంగ పన్ను ఎక్కువని సాకు చెప్పే పని కూడా లేదు.

కడకు మా పని. కమిటీ ముందు నాలుగు మాటలు పెడుతున్నాము. ఒప్పుకోకుంటే మా నలుగురినీ తీసేసి వేరేవాళ్లను పెట్టండి, కానీ మాటలు మాత్రం వదలవద్దండి.

ఒకటి. సంఘం దుడ్డుతో కొనే బ్రేకు రబ్బరు, పిన్ను, చైను, ఫ్రీవీలు ఏదైనా సరే, పేరు, చిరునామా అచ్చయిన ప్యాకెట్టులోనే రావాలి. బిల్లులో ఒక్కొక్కటి విడివిడిగా రాయాలి.

రెండు. 14 సైకిళ్లు ఇవ్వలేకపోతే 7 ఇద్దాము. ఫొటోలో వరుస పొట్టిగా ఉంటుంది, ఉండనీ.

మూడు. ప్రతి సైకిలుకూ ఒక కార్డు. ఆయుధ పూజకు ఒక తూరి, ఉగాదికి ఒక తూరి మేమే వాళ్ల తావుకు పోయి స్కేలు పెట్టి చైను కొలవాలి, గోరు పెట్టి రబ్బరు నొక్కాలి. చక్రం కింద నిమ్మకాయ పెట్టి నలిపేది సరే, ఆ చక్రం నిలుస్తుందా లేదా ముందు చూద్దాము. వాళ్లు ఫిర్యాదు చెబుతారని ఎదురుచూడవద్దండి. ఊరికే తీసుకున్నవాళ్లు చెప్పరు.

నాలుగు. ఆ పిల్లవానికి పోయిన 42 దినాల కూలి, ఆసుపత్రి ఖర్చు మనము కట్టాలి. దీన్ని సాయం అని రాయవద్దండి. ఫొటో తీయవద్దండి. పద్దులో “బాకీ” అని రాయండి. మా నలుగురి వంతు 4,718 రూపాయలు ముందే ఖజానాదారుకు ఇచ్చేసినాము.

13 సైకిళ్లకూ పిన్నులు, రబ్బర్లు మార్పించేశాము. కావేరిపట్టణం అక్కకు పోయిన వారం ఫోను చేసి, “ఇప్పుడు పల్లంలో ఎక్కి పోతున్నావా అక్కా?” అని అడిగితిమి. “ఇంగా తోసుకొనే పోతున్నాను అన్నా, అలవాటు అయిపోయింది” అన్నది. రబ్బరు మార్చేదానికి పది నిమిషాలు పట్టింది. ఆమె నమ్మకం తిరిగి వచ్చేదానికి ఎన్నాళ్లు పడుతుందో మరి.

తెలుగు రాత మేము నేర్చుకుంది ఉద్యోగం నుంచి దిగినాక. అక్షరం తప్పు ఉంటే దిద్దండి, ఏమీ అనుకోము. లెక్క తప్పు ఉంటే మాత్రం తప్పకుండా చెప్పండి. ఉంటాము.